మూడో ప్రమాద హెచ్చరిక

మా ఇంట్లో బరువు చూసుకునే కాటా నాలుగేళ్ళు అలమర మీదే ఉంది. పాత చీరలో చుట్టి, అటుకుల డబ్బా వెనక పెట్టాను. ఎవరైనా అడిగితే బ్యాటరీ అయిపోయిందనేదాన్ని. కొత్త బ్యాటరీ ఎంతుంటుంది, యాభై రూపాయలు. ఉద్యోగం చేసే టీచరుకి నాలుగేళ్ళలో ఆ యాభై దొరకలేదు!

నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ ముందు మీ కాటా ఎక్కడుందో చెప్పండి.

2014లో హైదరాబాదులో నాకు స్లీవ్ ఆపరేషన్ చేశారు. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి, అరటికాయంత గొట్టం మిగిల్చారు. తీసేసిన ఆ పైభాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది. అందుకే మొదట్లో ఆకలన్నదే తెలియలేదు. నూట పద్దెనిమిది కిలోల మనిషిని ఏడాదిన్నరలో డెబ్భై ఆరుకు దిగాను. దుమ్ముగూడెం బస్సులో ముగ్గురి సీటులో మూడో మనిషిగా కూర్చున్న రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మా వారు భయపడ్డారు.

ఇక గెలిచేశాననుకున్నాను. ఆ మాట దగ్గరే పడిపోయాను.

ఆపరేషన్ ఆకలిని కోస్తుంది, అలవాటును కోయదు. నా గొట్టంలో నాలుగు ముద్దల అన్నం పట్టేది కాదు గానీ, టీ ఎన్ని గ్లాసులైనా పట్టేది. తియ్యటి ద్రవం అక్కడ ఆగదు, జారిపోతుంది. పొట్ట నిండిన కబురు మెదడుకు చేరదు, చక్కెర మాత్రం ఒంటికి చేరుతుంది. బస్టాండులో ఒకటి, బడిలో మూడు, ఇంటికొచ్చాక రెండు. శ్రీరామనవమికి పానకం రెండు గ్లాసులు తాగి, "దేవుడి ప్రసాదం, లెక్కలోకి రాదు" అని నాకు నేనే ఫత్వా ఇచ్చుకున్నాను. బడి డ్రాయరులో మిక్చరు పొట్లం ఉండేది. కాపీలు దిద్దుతూ గుప్పెడు, ఫోను మాట్లాడుతూ గుప్పెడు. మేకలు మేసినట్టు పొద్దస్తమానం మేశాను. భోజనానికి కూర్చుంటే మాత్రం నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేదాన్ని. చూసినవాళ్ళంతా "పాపం, టీచరు ఏమీ తినదు" అనేవాళ్ళు. నేనూ నమ్మాను.

బడి పక్క అంగన్‌వాడీ ఆయమ్మ ఒక్కతే ఉన్నమాట అంది. "టీచరమ్మా, నువ్వు మళ్ళా ఒళ్ళు చేసినవ్" అని, అంటూనే ఇప్పపువ్వు లడ్డు చేతిలో పెట్టింది. లడ్డు తిన్నాను. మాట మర్చిపోయాను. 2018లో కాటా ఎనభై రెండు చూపించినప్పుడే దాన్ని చీరలో చుట్టాను.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీళ్ళు రావడం అదే. మైకు బండి వీధుల్లో తిరుగుతోంది. మేం బియ్యం బస్తాలు, పుస్తకాలు, మిక్సీ, అన్నీ అటక మీదికి ఎక్కిస్తున్నాం. అలమర మీది మూట మా బాబు చేతికి చిక్కింది. విప్పి నేలమీద పెట్టి ఎక్కాడు. ఎర్ర అంకెలు వెలిగాయి.

"అమ్మా, బ్యాటరీ బాగానే ఉందే!"

బయట మైకులో నీటిమట్టం చెబుతున్నారు. "నువ్వెక్కు" అన్నాడు వాడు. ఎక్కాను. నూట ఒకటి పాయింట్ రెండు. వాడు అంకె చూసి, నా మొహం చూసి, మిక్సీ తీసుకుని నిచ్చెన దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పాల్వంచలో మా ఆడబిడ్డ ఇంటికి చేరాక, రాత్రంతా ఒకటే ఆలోచన. మా ఊళ్ళో చదువురాని ముసలమ్మకు కూడా తెలిసిన విషయం నాకెందుకు తెలియలేదు? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గోదారి గడప దాకా వచ్చేవరకు ఎవరూ కూర్చోరు. గంట గంటకూ కొలత చూస్తారు. నేను మాత్రం కొలబద్దను పీకి అలమరెక్కించి, వరద లేదనుకున్నాను.

నా పద్ధతి అక్కడే పుట్టింది. ఇప్పటికీ దానిమీదే నిలబడ్డాను కాబట్టి కొంచెం విసిగించినా వినండి.

నేను దిగిన అతి తక్కువ బరువు డెబ్భై ఆరు. దానికి మూడు కలిపి 79 దగ్గర మొదటి హెచ్చరిక రాసుకున్నాను. అక్కడినుంచి ఐదేసి కిలోలకు, గోదావరి లెక్కలాగే, 84 రెండోది, 89 మూడోది. వంటింట్లో క్యాలెండరు పక్కన గోడమీదే స్కెచ్ పెన్నుతో మూడు గీతలు. ప్రతి సోమవారం తెల్లవారి, దొడ్డికెళ్ళొచ్చాక, కాఫీ గొంతు దిగకముందు, అదే నైటీలో కాటా ఎక్కడం, వచ్చిన అంకెను క్యాలెండరు మీద రాయడం. రోజూ ఎక్కకండి. ఆవకాయ ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా, ఒంట్లో నీరు చేరి కిలో అటూఇటూ అవుతుంది. దానికి ఏడ్చి, ఏడుపుకి మిక్చరు తిని, అదొక సుడిగుండం. అలాగని నెలకొకసారి కూడా కాదు. నెల ఆగితే మూడు కిలోలు మూడు అబద్ధాలు చెప్పి లోపలికొస్తాయి.

హెచ్చరిక అంటే తిట్టు కాదు, పని. మొదటి గీత దాటితే టీలో చక్కెర బంద్, డ్రాయరు ఖాళీ. రెండోది దాటితే నోట్లో పెట్టిన ప్రతిదీ, ఉప్పు చూసిన చెంచాడు కూరతో సహా, నోటుబుక్కులో రాయాలి. మూడోది దాటితే ఇంట్లో ఇక ప్రయోగాలు లేవు, డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

ఇంకోటి. ఎగువన పేరూరులో నీళ్ళు పెరిగితే కొన్ని గంటల్లో ఇక్కడ పెరుగుతాయని భద్రాచలం వాళ్ళకు తెలుసు. నా పేరూరు టీ గ్లాసు. రోజుకు రెండు దాటాయంటే, సోమవారం అంకె ఏమిటో శుక్రవారమే చెప్పగలను. మీ పేరూరు ఏదో మీరు వెతుక్కోండి. కొందరికి రాత్రి పదింటి ఫ్రిజ్ తలుపు, కొందరికి చుట్టాలొచ్చినప్పటి తాటికల్లు.

అమెరికాలో బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ళ చిట్టా ఒకటి 1994 నుంచి రాస్తున్నారు. అందులో ఎక్కువమంది వారానికి ఒక్కసారైనా కాటా ఎక్కేవాళ్ళేనట. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టిన పెద్ద పరిశీలనైతే నా సిగ్గు సగం తీసేసింది. జీర్ణాశయానికి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఒకటి రెండేళ్ళలో తమ బరువులో దాదాపు మూడో వంతు తగ్గి, పదేళ్ళ నాటికి కొంత తిరిగి పెరిగి, నాలుగో వంతు తగ్గుదల దగ్గర నిలిచారు. నాది బైపాస్ కాదు, స్లీవ్. అయినా విషయం అర్థమైంది కదా, కొంత తిరిగి రావడం ఒంటి స్వభావం. మనం పాపులం కాదు. అయితే నేను వచ్చిన దారి "కొంత" కాదు. తగ్గిన నలభై రెండులో పాతిక వెనక్కి తెచ్చుకున్నాను, దానికి స్వీడన్ పేరు చెప్పలేను.

మిగతా సలహాలు మీకూ తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. కంచంలో ముందు గుడ్డో చేపో పప్పో తినండి, అన్నం చివరికి. రోజుకు అరవై గ్రాములైనా ప్రొటీన్ పడాలి. తింటూ నీళ్ళు తాగొద్దు, అరగంట ఎడం ఇవ్వండి. నడక మంచిదే గానీ కండ నిలవాలంటే బరువులెత్తాలి, నేను నీళ్ళ బాటిళ్ళు ఎత్తుతాను. బి12, ఐరన్, విటమిన్ డి ఏటా పరీక్ష చేయించండి, ఆపరేషన్ అయినవాళ్ళకు ఇది జీవితాంతం. మిగిలిన సంచి సాగిందేమో, ఇంకేమైనా తేడా ఉందేమో ఎండోస్కోపీలో చూస్తారు, అవసరమైతే రెండో ఆపరేషనూ ఉంది. బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ సూదులు 2025లో మన దేశంలోకి వచ్చాయి. డాక్టరు రాస్తే వాడండి, మందుల షాపు కుర్రాడు చెబితే వాడకండి.

ఆపరేషన్ చేసిన చోటికి మళ్ళీ వెళ్ళడానికి నాకు ఏడు నెలలు పట్టింది. "అంత డబ్బు పోసి చేయించుకుని మళ్ళీ పెరిగావా" అంటారని భయం. నిజంగానే అక్కడొకరు అన్నారు కూడా. ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చి, ఇంకో డాక్టరును వెతుక్కున్నాను. ఈయన మొదట అడిగింది టీ గురించే. ఒక్క మాటకు ఫైలు మూసేసి ఇంటికొచ్చే అక్కచెల్లెళ్ళారా, తిట్టినవాడి మీద కోపంతో మీ మోకాళ్ళకు శిక్ష వేయకండి!

రెండోసారి తగ్గడం నెమ్మది. మొదటిసారి తొలి నెలల్లో నెలకు నాలుగైదు కిలోలు పోయేవి, ఇప్పుడు నెలకు కిలో అయితే పండగ. తగ్గిన ఒళ్ళు తక్కువ తిండితోనే గడుపుకోవడం నేర్చుకుంటుంది, వయసూ మీదపడింది. దిగువన కూనవరం దగ్గర శబరి నది ఎగపోటు తంతే ఇక్కడ వరద తియ్యడం ఆలస్యం కాదూ, అలాగే. మధ్యలో మూడు నెలలు అంకె కదల్లేదు. ఆ మూడు నెలల్లో రెండు సోమవారాలు కాటా ఎక్కకుండా తప్పించుకున్నాను, క్యాలెండరులో ఆ గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

పోయిన నెల ఎనభై తొమ్మిది కిందికి దిగాను. మా బాబు ఇప్పుడు ఇంటర్. వాడే స్కెచ్ పెన్ను తీసుకుని గోడమీద పై గీత పక్కన రాశాడు: "మూడో ప్రమాద హెచ్చరిక ఉపసంహరణ." ఈ సోమవారం ఎనభై ఏడు పాయింట్ నాలుగు. రెండోది ఇంకా అమలులోనే ఉంది.