పూచీదారు ఏ ఊరివాడు?

బెయిలు ఉత్తర్వు వెలువడిన రోజే మనిషి జైలు నుంచి బయటికి వస్తాడని చాలామంది భావిస్తారు. ఉత్తర్వు అనుమతి మాత్రమే. అందులోని షరతులు నెరవేరి, పూచీకత్తు పత్రాలను న్యాయస్థానం అంగీకరించి, విడుదల ఆదేశం పుళల్ కేంద్ర కారాగారానికి చేరిన తరువాతే తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండు ఘట్టాల నడుమ గడిచే కాలం సొంత ఇల్లూ బంధువర్గమూ గల నగరవాసికి ఒకటి రెండు రోజులు కావచ్చు. శ్రీకాకుళం నుంచో ప్రకాశం నుంచో కట్టడం పనికి వచ్చి, నలుగురితో కలిసి అద్దె గదిలో ఉంటున్నవానికి అదే వారాలు కావచ్చు. ఆరోపణ ఒకటే, ఉత్తర్వులోని వాక్యాలు అవే. ఫలితం మాత్రం వేరు.

ఈ భేదానికి ముఖ్యకారణం స్థానిక పూచీదారు కావాలనే పట్టింపు. చెన్నైలో ఎగ్మూరు, సైదాపేట, జార్జిటౌను న్యాయస్థానాల బెయిలు ఉత్తర్వుల్లో తరచుగా కనిపించే షరతు ఇది: నిందితుడు ఒక నిర్ణీత మొత్తానికి పూచీకత్తు రాసి ఇవ్వాలి, అంతే మొత్తానికి మరి ఇద్దరు అతనికి పూచీ నిలవాలి. పూచీదారు ఆ సొమ్మును ముందుగా చెల్లించనక్కరలేదు. నిందితుడు వాయిదాకు రాకుండా పోతే తాను చెల్లిస్తానని సంతకం చేస్తాడు. తమిళంలో దీనిని ‘జామీన్’ అనీ ‘పిణై’ అనీ అంటారు. జామీను తెలుగువారికీ పాత మాటే. తెలియని లిపిలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ రెండు మాటలనైనా చెవిన వేసుకోవడం మేలు.

పూచీదారు ఈ జిల్లావాడే కావాలా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1978లోనే సమాధానం చెప్పింది. మోతీరామ్ అనే తాపీపనివాడు మధ్యప్రదేశ్‌లో ఒక కేసులో చిక్కుకున్నాడు. అతనికి బెయిలు ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టే చెప్పినా, కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు అడిగాడు. అన్నదమ్ముడు పూచీ నిలుస్తానంటే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని నిరాకరించాడు. మోతీరామ్ మళ్లీ సుప్రీంకోర్టుకు మొర పెట్టుకోవలసి వచ్చింది. తీర్పు రాసిన న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ మొత్తాన్ని 1,000 రూపాయలకు తగ్గించి, సొంత పూచీకత్తు మీదే విడుదల చేయమన్నారు. ఆ తీర్పులోని ఒక ప్రశ్న చెన్నైలోని తెలుగువారు తప్పక తెలుసుకోదగినది. ఒక మలయాళీనో కన్నడిగుణ్ణో తమిళుణ్ణో తెలుగువాణ్ణో దూరదేశంలో పట్టుకుంటే, ఆ ఊళ్లో ఆస్తిపాస్తులున్న పూచీదారును అతడు ఎక్కడినుంచి తెస్తాడని ఆయన అడిగారు. పూచీదారు ఆ జిల్లావాడే కావాలనడానికి చట్టంలో ఆధారం లేదని తేల్చారు.

ఈ కష్టం ఒకవైపుదే కాదు. శేషాచలం ఎర్రచందనం కేసుల్లో ఆంధ్రప్రదేశ్ జైళ్లకు వెళ్లిన తమిళనాడు కొండ గ్రామాల కూలీలకూ భాష రాని ఊరిలో పూచీదారును వెతుక్కునే గతి పట్టింది.

బెయిలు సులభమైతే వీధులకు భద్రత ఉంటుందా అన్న సందేహం న్యాయమైనదే. సౌకార్‌పేటలో దుకాణం దొంగలపాలైన వ్యాపారీ తెలుగువాడే కావచ్చు. కొరుక్కుపేటలో మెడలో గొలుసు పోగొట్టుకున్న గృహిణీ తెలుగావిడే కావచ్చు. వారి భయాన్ని తేలికగా తీసుకోరాదు. న్యాయస్థానం కూడా తీసుకోదు. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో, వ్యక్తి స్వేచ్ఛతో పాటు ప్రజల భద్రతనూ ప్రజాధనం మీద పడే భారాన్నీ కలిపి తూచవలసిన విషయం బెయిలు అని కృష్ణయ్యర్ చెప్పారు. నిందితుడు పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్లీ నేరానికి పాల్పడతాడా అన్నవే అసలు ప్రశ్నలు. పూచీదారు ఇంటి పన్ను రసీదు వీటిలో దేనికీ జవాబు చెప్పదు. డబ్బున్న ప్రమాదకారి ఆ రసీదును సాయంత్రానికి సంపాదిస్తాడు. డబ్బులేని అమాయకుడు లోపలే ఉంటాడు. పైగా కూలికి పూచీ నిలిచేవారు న్యాయస్థానాల ఆవరణలకు కొత్త కాదు. నిందితుడి ముఖం కూడా ఎరుగని మనిషి అతణ్ణి వాయిదాకు ఎలా తేగలడు? భద్రత పేరిట పెట్టిన షరతు ఇక్కడ భద్రతనే దెబ్బతీస్తోంది.

న్యూయార్కులో 1961లో మొదలైన మాన్‌హటన్ బెయిలు ప్రయోగం ఈ సంగతిని ఆచరణలో పరీక్షించింది. నిందితుడికి ఉద్యోగం ఉందా, కుటుంబం ఉందా, ఎన్నాళ్లుగా ఒకచోట ఉంటున్నాడు అని విచారించి, తగినవారిని డబ్బు అడగకుండా విడుదల చేయించారు. వారిలో అత్యధికులు వాయిదాలకు హాజరయ్యారు. మన సుప్రీంకోర్టు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో ఇదే మార్గాన్ని సూచించింది. ఇక 2023 సెప్టెంబరులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం డబ్బు బెయిలునే పూర్తిగా రద్దు చేసింది. అక్కడ ఇప్పుడు ప్రమాదకారి అనుకున్నవాణ్ణి లోపల ఉంచాలంటే ప్రభుత్వం ఆ మాటను న్యాయమూర్తి ముందు నిరూపించాలి. ధనం చాటు తొలగితే భద్రత ప్రశ్న ముఖాముఖి ఎదురవుతుంది.

మన దేశంలో 2022 చివరినాటికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఈ స్థితిని ఉద్దేశించినవి. బెయిలు వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల గడిచినా పూచీకత్తు సమర్పించలేకపోతే, షరతులను సడలించే విషయాన్ని న్యాయస్థానం తనంతట తానే పరిశీలించవచ్చు. అటువంటి కేసుల్లో స్థానిక పూచీదారు షరతు విధించకపోవడం మంచిదని కూడా అందులోనే ఉంది. పలు రాష్ట్రాల్లో 13 కేసులు ఎదుర్కొంటూ, అన్నింటికీ వేర్వేరు పూచీదారులను తేలేకపోయిన ఒక వ్యక్తికి, ఆ ఇద్దరినే అన్నిచోట్లా అంగీకరించవచ్చునని 2024 ఆగస్టులో అదే న్యాయస్థానం అనుమతించింది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆధారాలున్నాయి. బెయిలు పొందదగిన నేరమైతే, వారంలోగా పూచీదారును చూపలేనివాణ్ణి నిరుపేదగా భావించి సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలని 478వ సెక్షను చెబుతుంది. పూచీ మొత్తం మితిమీరకూడదని 484వ సెక్షను. తగ్గించమని సెషన్సు కోర్టునో హైకోర్టునో కోరవచ్చు. మునుపెన్నడూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షాకాలంలో మూడోవంతు విచారణలోనే గడిపితే, 479వ సెక్షను ప్రకారం బెయిలుకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికీ వర్తించదు. ఇది భద్రత కోసం పెట్టిన గీతే గాని, ఒకే గొడవ నుంచి రెండు కేసులు పుట్టిన పేదవాణ్ణి కూడా అవతలికి నెట్టివేస్తుంది.

నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తాడు; 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు ఇది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. కుటుంబసభ్యులు స్వగ్రామం నుంచి వచ్చేటప్పుడు పూచీ నిలిచేవారి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఇల్లు లేదా పొలం కాగితాలు, నిందితుడి పని గురించి మేస్త్రీ రాసిచ్చిన ఉత్తరం వెంట తెచ్చుకోవాలి. పూచీదారు వేరే రాష్ట్రంవాడని నిరాకరిస్తే, ఆ నిరాకరణను రాతపూర్వకంగా ఇమ్మని న్యాయవాది ద్వారా అడగాలి. పైకోర్టులో అదే ఆధారం. డబ్బు తీసుకొని పూచీ నిలుస్తామనేవారి జోలికి పోరాదు.

విడుదలైన తరువాత రోజూ ఉదయం 10.30 గంటలకు ఠాణాలో సంతకం చేయాలన్న షరతు తమిళనాడులో సాధారణం. దినకూలీకి అది పూట కూలి. కొన్ని వారాలు క్రమం తప్పక సంతకం చేసినవాడు, వారానికి ఒకసారికి మార్చమనీ, పని చేసే చోటికి దగ్గరి ఠాణాకు మార్చమనీ అదే న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.