కరణము లెక్కలు - సర్వరుల సంరక్షణము

1792వ సంవత్సరమున శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు సీమ టిప్పు సుల్తానునుండి ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. కెప్టెన్ అలెగ్జాండర్ రీడునకు సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో 1799 వరకు ఈ సీమయందు పనిచేసి, మన ధర్మపురిలో నివసించి, రైతువారీ పద్ధతికి పునాది వేసినవారిలో ఒకడయ్యెను. పొలము కొలతలు, శిస్తులు ఊరూర కరణముల చేతి లెక్కలలో నిలిచినవి. ఆ లెక్కల పెట్టె పెక్కుచోట్ల కరణముగారి ఇంటనే యుండెడిది. ఊరందరి హక్కులకు ఆధారమైన పుస్తకము ఒక ఇంటి అటకపై నుండుట కరణమునకు ఎంత సౌకర్యమో ఊరికి అంత ప్రమాదము. తమిళనాట 1980లోను, ఆంధ్రదేశమున 1984లోను ఆ గ్రామాధికారుల పదవులు రద్దైనవి. నేడు పట్టా, చిట్టా కావలసిన రైతు తాలూకా కచేరికి పోకయే కంప్యూటరునుండి ప్రతి తీసికొనగలడు. లెక్క కరణమింటినుండి సర్వరునకు చేరినది. అయినను ఆ లెక్కను ఎవరెవరు తాకవచ్చును, అది చెడినచో పూర్వస్థితికి ఎట్లు తేవలెను అను ప్రశ్నలు నేటికిని ఉన్నవి. వానికి సమాధానము చెప్పవలసినవాడు సర్వరుల నిర్వాహకుడు.

సర్వరనగా అడిగినవారికి సమాచారమందించు కంప్యూటరు. పనికొక యంత్రము చొప్పున పెట్టినచో ప్రతి యంత్రపు శక్తిలోను అధికభాగము ఊరక పడియుండును. కావున ఒకే పెద్ద యంత్రములో, ఒకే ఇంట గోడలు కట్టి వేరు కాపురములు పెట్టినట్లు, పెక్కు కల్పితయంత్రములను నడుపుదురు. వీనినే వర్చువల్ మెషీనులందురు. ఇది నిన్న మొన్నటి తలంపు కాదు. ధర్మపురి సేలమునుండి విడివడి 1965లో ప్రత్యేక జిల్లా యైన కాలముననే అమెరికాలోని ఐబిఎం వారి కేంబ్రిడ్జి కేంద్రమున సిపి-40 అను పేర దీనికి రూపము కల్పించుచుండిరి.

కల్పితయంత్రమునకు గల గొప్ప సౌకర్యము స్నాప్‌షాట్. పేరునుబట్టి విద్యార్థులు దీనిని యంత్రమునకంతటికి తీసి దాచిన నకలని తలంతురు. జరుగునది వేరు. స్నాప్‌షాట్ తీసిన క్షణమున పాత డిస్కును ఇక వ్రాయ వీలులేకుండ మూసివైతురు. అటుపై వచ్చు మార్పులన్నియు వేరొక ఫైలులో చేరును. కరణము పాత పుస్తకమునకు ముద్రవేసి, కొత్త మార్పులను విడికాగితములపై వ్రాసికొన్నట్లన్నమాట. మార్పు బెడిసినచో కాగితములను చించివేసిన చాలును, పుస్తకము యథాతథముగ నుండును. మార్పు కుదిరినచో కాగితములలోని వ్రాతను పుస్తకమున కెక్కింతురు.

మరి పుస్తకమే కాలిపోయినచో? విడికాగితములవలన ప్రయోజనము లేదు. పైగా రెండును సామాన్యముగ ఒకే బీరువాలో నుండును. అందుచేతనే స్నాప్‌షాట్ బ్యాకప్ కానేరదు. కాగితముల కట్ట కూడ నానాటికి పెరుగును. డిస్కు నిండెనేని ఆ డిస్కుపై నడచు కల్పితయంత్రములు నిలిచిపోవచ్చును. విఎంవేర్ వారు ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవలదనియు, వరుసగా 32 వరకు సాధ్యమైనను 2 లేక 3తో ఆపుట మేలనియు చెప్పుదురు. తీసినవాని పేరు, కారణము, తొలగింపవలసిన తేదీ వ్రాయని స్నాప్‌షాట్‌ను అసలు తీయకుండుటయే మంచిదని నా అభిప్రాయము.

వెనుకకు మరలించుటయందును మెలకువ కావలెను. ఉదయము 10 గంటల స్నాప్‌షాట్‌కు సాయంకాలము మరలినచో నడుమ నమోదైన పట్టా మార్పులన్నియు మాయమగును. ఉద్యోగుల ప్రవేశపు పేర్లను కాచు డైరెక్టరీ సర్వరులు ఒకదానితో నొకటి లెక్క సరిచూచుకొనుచుండును. వానిలో ఒక్కదానినే వెనుకకు త్రిప్పినచో దాని లెక్కకును తక్కినవాని లెక్కకును పొందిక చెడును.

ఇక సొంత ఫోనుల సంగతి. కచేరి లెక్కను ఉద్యోగి తన ఫోనులో తెరచుట లెక్కల పెట్టె మరల ఇంటికి పోవుటయే. కేవలము నిషేధించినచో చాటుగ చేయువారుందురు. అది మరింత చేటు. కావున ఫోనును ముందుగ నమోదు చేయింపవలెను. దానికి తాళమును, లోని సమాచారమునకు ఎన్‌క్రిప్షనును ఉండవలెను. రహస్యపదముతోపాటు రెండవ ఋజువు నడుగవలెను. కచేరి సమాచారమునకు ఫోనులో వేరు అర నేర్పరచినచో, ఫోను పోయిననాడు దూరమునుండియే ఆ అరను మాత్రము తుడిచివేయవచ్చును. ఉద్యోగి పిల్లల ఫొటోలజోలికి పోనక్కరలేదు. సర్వరును మార్చు అధికారము మాత్రము సొంత ఫోనునకు ఈయరాదు. ఆ పనికి కచేరివారి ప్రత్యేక యంత్రముగుండనే ప్రవేశింపవలెను.

2019లో మన రాష్ట్రమందలి కూడంకుళము అణువిద్యుత్కేంద్రమున, ఇంటర్నెట్‌తో కలిసిన పరిపాలనా నెట్‌వర్కులోని ఒక కంప్యూటరునకు హానికరమైన ప్రోగ్రాము సోకినదని అణువిద్యుత్సంస్థవారు అంగీకరించిరి. ముఖ్యమైన లోపలి నెట్‌వర్కు వేరుగ నుండుటచే కేంద్రపు యంత్రములకు హాని కలుగలేదనియు తెలిపిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థయందు అట్లు కాలేదు. 2022 నవంబరు 23న అచట 5 సర్వరులలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము దుండగుల తాళములో చిక్కినది. రోగుల పనులు దినములతరబడి చేతివ్రాతతో జరిగినవి. నెట్‌వర్కును సరిగ విభజింపకపోవుట ఇందుకు కారణమని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపెను. ఈ-హాస్పిటల్ సమాచారమంతయు మరల లభించినది. అది స్నాప్‌షాట్‌లనుండి కాదు, దాడి తాకని వేరొక బ్యాకప్ సర్వరునుండి. అట్టి ప్రతి యున్నదని నమ్మి యూరకుండక, నియమితకాలమున వేరొక యంత్రముపై దానిని నిజముగ తెరచి, లేచుటకు ఎన్ని గంటలు పట్టినదో పుస్తకమున వ్రాసి పెట్టుట నిర్వాహకుని పని.