సూర్యలంకలో తిన్న చేపకు నాంపల్లిలో న్యాయం

హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఉండే ఒక కుటుంబం పిల్లల సెలవులకు సూర్యలంక తీరానికి వెళ్లిందనుకుందాం. మధ్యాహ్నం చిన్న రెస్టారెంట్‌లో కూర్చుని వంజరం ఫ్రై, రొయ్యల వేపుడు, పీతల పులుసు చెప్పారు. మెనూలో వంజరం ఎదురుగా ధర లేదు, ‘సైజును బట్టి’ అని రాసి ఉంది. తిన్నాక చూస్తే బిల్లు అనుకున్నదానికి రెట్టింపు. దానికి తోడు పది శాతం సర్వీస్ ఛార్జి. రాత్రి తిరుగు ప్రయాణంలో పిల్లవాడికి వాంతులు పట్టుకున్నాయి. ‘ఊరు కాని ఊరు, ఎవరితో పేచీ పడతాం? కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?’ అని చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. వదిలేయాల్సిన పని లేదు.

ఫిర్యాదు మీ ఊళ్లోనే

1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మామూలుగా వ్యాపారి ఉన్న చోటికో, వివాదం పుట్టిన చోటికో వెళ్లి ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. ప్రయాణికులకు అదే పెద్ద అడ్డంకి. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దాన్ని తొలగించింది. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ ఉన్న జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వాసులకు హైదరాబాద్ జిల్లా కమిషన్లు నాంపల్లి ఎంజే రోడ్డులోని చంద్ర విహార్‌లో ఉన్నాయి. సూర్యలంక రెస్టారెంట్ యజమానే ఇక్కడికి వచ్చి జవాబు చెప్పుకోవాలి.

మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఘటన జరిగిన 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వీడియో విచారణ కోరే అవకాశం కూడా ఉంది.

బిల్లు కట్టింది తండ్రి, జబ్బు పడింది కొడుకు, మరి వినియోగదారుడు ఎవరు? ఇద్దరూ. డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందినవారిని కూడా చట్టం వినియోగదారుగానే చూస్తుంది. మైనర్ తరఫున తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు చేయవచ్చు.

బిల్లులో చూడాల్సినవి

సరుకు నాణ్యత, పరిమాణం, ధర తెలుసుకునే హక్కు చట్టం మీకిచ్చింది. ‘సైజును బట్టి’ అన్నప్పుడు వండకముందే చేపను చూపించమనండి, మీ ఎదుటే తూచమనండి. కడగక ముందు తూకమా, ముక్కలు కోశాక తూకమా అని అడగండి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మొత్తం ఎంత అవుతుందో చీటీ మీద రాయించుకుంటే తర్వాత మాట మారదు.

సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఆ తీర్పుపై హోటళ్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. టిప్పు ఇవ్వడం, మానడం మీ ఇష్టం.

జీఎస్టీ వేరు, అది పన్ను. మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటల్ అయితే మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయడానికే వీల్లేదు.

నీళ్ల సీసాకు ఎక్కడైనా ఎమ్మార్పీయే తీసుకోవాలని ఒక అపోహ ఉంది. రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి వడ్డించే సీసాకు ఎమ్మార్పీ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తేల్చింది. అయితే సీసా కొనమని బలవంతం చేయకూడదు. జీహెచ్ఎంసీ పరిధిలోని హోటళ్లు శుద్ధిచేసిన నీటిని ఉచితంగా ఇవ్వాలని 2023లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. మామూలు నీళ్లు ఇవ్వకుండా సీసా కొనిపించి, సర్వీస్ ఛార్జి కూడా వేసిన నగర రెస్టారెంట్ ఒకటి 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని హైదరాబాద్ జిల్లా కమిషన్ ఆదేశించింది. గొడవ మొదలైంది 50 రూపాయల సీసా దగ్గర. చిన్న మొత్తమని కమిషన్ కొట్టిపారేయలేదు.

బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా ఉండాలి. అది లేకపోతే మీ ఫిర్యాదులో ఇంకో అంశం చేరినట్టే.

అడిగిన చేపేనా?

రాజమండ్రి వైపు వెళ్లినవారికి గోదావరి పులస అని చెప్పి ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన ఇలసను వడ్డించినా, ఇక్కడ కొరమీను అపోలో ఫిష్ అని చెప్పి బాసా ముక్కలు పెట్టినా అది మోసమే. అడిగిన రకం కాని ఆహారం అమ్మితే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని సెక్షన్ 50 ప్రకారం 5 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చేప నిల్వకు ఫార్మాలిన్ వాడటం నిషిద్ధం.

రొయ్యలు, పీతలు కొందరికి పడవు. ఆ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పండి. చెప్పాక కూడా కలిపి వడ్డిస్తే అది సేవాలోపం.

జబ్బు పడితే

ముందు వైద్యం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. అశోక్ నగర్ ప్రాంతానికి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దగ్గరే. ఏ రోజు, ఎక్కడ, ఏం తిన్నారో చీటీలో రాయమని డాక్టరును కోరండి. అదే వంటకం తిన్న మిగతావారు కూడా జబ్బు పడితే వారి చీటీలు కూడా దాచండి. ఆ తిండి వల్లే జబ్బు వచ్చిందని చూపించాల్సిన బాధ్యత మీదే. మిగిలిన కూరను మూటగట్టి తెచ్చినంత మాత్రాన అది గట్టి సాక్ష్యం కాదు. ఆహార భద్రతా చట్టంలోని సెక్షన్ 40 కింద ఎవరైనా ఫీజు కట్టి ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చు, కానీ ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. అందుకే డాక్టరు చీటీ, బిల్లు రెండూ కీలకం.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయని గుర్తుంచుకోండి. వంటగదిని తనిఖీ చేసి శిక్ష పడేలా చూడాల్సింది మీరు తిన్న చోటి జిల్లా ఆహార భద్రతా అధికారి. ఆయనకు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ద్వారా ఫిర్యాదు పంపవచ్చు. మీ నష్టానికి పరిహారం ఇప్పించేది మీ జిల్లా వినియోగదారుల కమిషన్. ఒక దారి పట్టినంత మాత్రాన రెండోది మూసుకుపోదు. ఆహారం వల్ల ప్రాణం పోతే కనీసం 5 లక్షలు, తీవ్ర హానికి 3 లక్షల దాకా, ఇతర హానికి లక్ష దాకా పరిహారాన్ని ఆహార భద్రతా చట్టం విడిగా చెబుతోంది.

వరుసగా చేయాల్సినవి

- అక్కడికక్కడే మేనేజర్‌తో మర్యాదగా చెప్పండి. ఒప్పుకోకపోతే బిల్లు వెనక ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, ఫోన్‌తో చెల్లించండి. చెల్లింపు రికార్డు మిగులుతుంది.
- మెనూ, బిల్లు, లైసెన్సు బోర్డు ఫొటోలు తీసుకోండి.
- ఇంటికి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా వివాదాలు ఇక్కడే తేలిపోతాయి.
- తేలకపోతే రెస్టారెంట్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువు ఇవ్వండి.
- అప్పటికీ స్పందన లేకపోతే కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఉచిత న్యాయ సహాయం కావాలంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సహాయం అందుతుంది.

పోటీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటున్న విద్యార్థులకూ ఇక్కడే ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ఇక్కడ నివసిస్తున్నట్టు చూపడానికి హాస్టల్ రసీదు దగ్గర పెట్టుకోండి.

పర్యాటక తీరాల్లో కొందరు ప్రయాణికుడు మళ్లీ రాడన్న ధీమాతో వ్యాపారం చేస్తారు. నాంపల్లి నుంచి వెళ్లే ఒక్క నోటీసు ఆ ధీమాను సడలిస్తుంది. తాజా చేప వండి, సరైన తూకం వేసి, న్యాయమైన బిల్లు ఇచ్చే హోటళ్లు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. మీరు వేసే ఫిర్యాదు వారికీ మేలు చేస్తుంది.