కొత్త ప్రాసెసర్‌కి పాత కంపైలర్

కొత్త ప్రాసెసర్ వచ్చిందంటే కంపైలర్ మళ్లీ మొదట్నుంచీ రాయాలేమో అనుకుంటాం. అక్కర్లేదు. ఉన్న ఓపెన్ సోర్స్ కంపైలర్‌కే దాని సంగతులు నేర్పితే చాలు. దీన్నే పోర్టింగ్ అంటారు.

ఉదాహరణకి ఎల్ఎల్‌వీఎం తీసుకోండి. ముందు భాగం ప్రోగ్రామ్‌ని చదివి ఒక మధ్యస్థ రూపంలోకి మారుస్తుంది. మధ్య భాగం దాన్ని మెరుగుపరుస్తుంది. చివరిదైన బ్యాకెండ్ దాన్ని ప్రాసెసర్ ఆదేశాలుగా మారుస్తుంది. పోర్టింగ్‌లో ప్రధానంగా రాయాల్సింది ఈ బ్యాకెండే. రిజిస్టర్లు ఎన్ని, ఏ ఆదేశం ఏం చేస్తుంది, ఫంక్షన్‌కి విలువలు ఎందులో పంపాలి, ఇవన్నీ అందులో వర్ణించాలి.

వినడానికి తేలికే. అసలు చిక్కు ఎక్కడో రిస్క్-ఫైవ్‌లో చూద్దాం. 2010లో బర్క్‌లీలో మొదలైన ఆర్కిటెక్చర్ ఇది. దీని కూడిక ఆదేశంలో నేరుగా ఇవ్వగల సంఖ్యకి 12 బిట్లే చోటు. అంటే -2048 నుంచి 2047 వరకే.

మరి 5000 కావాలంటే? రెండు ఆదేశాలు వాడాలి. మొదటిది పై భాగంలో 1 పెడుతుంది, దాని విలువ 4096. రెండోది 904 కలుపుతుంది. సరిపోయింది.

ఇప్పుడు 3000 చూడండి. పై భాగం 0, కింది 12 బిట్లలో 3000. కానీ ప్రాసెసర్ ఆ బిట్లని -1096గా చదువుతుంది! అందుకే కంపైలర్ ముందే పై భాగాన్ని ఒకటి పెంచాలి: 4096 - 1096 = 3000.

ఆ ఒకటి పెంచకపోతే ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. 3000 బదులు -1096తో లెక్క సాగిపోతుంది. పాపం ప్రోగ్రామర్ తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు. బ్యాకెండ్ రాసేవాళ్ల మీద ఉన్న బరువు ఇదే. అందుకే చిన్న చిన్న పరీక్షలు వందల కొద్దీ రాస్తారు. చిప్ చేతికి రాకముందే క్యూఈఎంయూ లాంటి ఎమ్యులేటర్‌లో నడిపి చూస్తారు.

ఇలాంటి శ్రమతోనే రిస్క్-ఫైవ్ 2017లో జీసీసీ 7లోకి చేరింది. 2019లో ఎల్ఎల్‌వీఎం 9లో ప్రయోగ దశ దాటింది. మన ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు కూడా రిస్క్-ఫైవ్‌వే కాబట్టి, ఆ శ్రమ ఫలం వాటికీ అందింది.

మీరూ చూడొచ్చు. 3000ని రిటర్న్ చేసే చిన్న సీ ఫంక్షన్ రాయండి. క్లాంగ్‌కి టార్గెట్‌గా రిస్క్-ఫైవ్ ఇచ్చి అసెంబ్లీ తీయండి. అందులో -1096 ఎక్కడుందో వెతకండి.