పోటీ పరీక్షల ప్రత్యేకం: ద్రావణాలు

రామసముద్రం, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో టమాటా రైతులు డ్రిప్‌ నీటితోనే ఎరువులు అందిస్తుంటారు. బకెట్‌ నీళ్లలో యూరియా వేసి కలిపితే బకెట్‌ చేతికి చల్లగా తగులుతుంది. కారణం: యూరియా కరగడం ఉష్ణగ్రాహక చర్య.

గుర్తుంచుకోండి

• యూరియా ద్రావితం, నీరు ద్రావణి. వీటి సజాతీయ మిశ్రమం ద్రావణం.
• నీరు ధ్రువ ద్రావణి. ఉప్పు, చక్కెర కరుగుతాయి; నూనె కరగదు.
• 25 డిగ్రీల సెల్సియస్‌ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరిగితే అది సంతృప్త ద్రావణం.
• నీటిలో వాయువుల ద్రావణీయత వేడికి తగ్గుతుంది, పీడనానికి పెరుగుతుంది (హెన్రీ నియమం).
• కాల్షియం నైట్రేట్‌, మెగ్నీషియం సల్ఫేట్‌ గాఢ ద్రావణాలను కలిపితే జిప్సం అవక్షేపిస్తుంది, డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

ప్రశ్న: పాలు నిజ ద్రావణమా?
జవాబు: కాదు, కొలాయిడ్‌ (ఎమల్షన్‌).