బహుమతి చివర్లో ఇచ్చారని బోర్డు వదలకు

ఎడిసన్, న్యూజెర్సీ
15 జూన్ 2025

చిరంజీవి చిన్నాకు,
పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజ్ చూసి రెండు రోజులు మనసు కుదుట పడలేదు. నాటక పరిషత్తులో ఉత్తమ నేపథ్య సంగీతం బహుమతి నీకు వచ్చిందని సంతోషించాలో, కుర్చీలు సర్దేస్తున్న వేళ నిన్ను స్టేజీ పక్కకు పిలిచి మెమెంటో చేతిలో పెట్టారని బాధపడాలో తెలియలేదు. ఇక సౌండు బోర్డు ముట్టుకోనన్నావు. "అమెరికాలో ఇలా చెయ్యరు కదా పెద్దమ్మా" అన్నావు. ఇక్కడా చేస్తారు నాన్నా.

పోయిన ఆదివారం టోనీ అవార్డులు టీవీలో చూశాను. బ్రాడ్వే నాటకాలకు 1947 నుంచి ఇస్తున్న అవార్డులవి. రేడియో సిటీ హాలు వెలిగిపోయింది. 'హామిల్టన్' అనే మ్యూజికల్‌లో, అంటే పాటల నాటకంలో, తొలిసారి వేషాలు వేసిన నటులు పదేళ్ల తరవాత కలిసి ఆడిపాడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఉత్తమ మ్యూజికల్ 'మేబీ హ్యాపీ ఎండింగ్'కి వచ్చింది. రెండు రోబోల కథ. సియోల్‌లో కొరియన్ భాషలో మొదట ఆడి ఇక్కడిదాకా వచ్చి ఆరు టోనీలు గెలిచింది. తెలుగులో పనిచేస్తే ఎవరు చూస్తారని నువ్వు దిగులుపడ్డప్పుడు ఈ నాటకాన్ని తలుచుకో.

కానీ సౌండు, లైట్లు, సెట్టు, దుస్తులు చేసినవాళ్ల అవార్డులు సీబీఎస్ టీవీలో అసలు కార్యక్రమం మొదలవకముందే, ప్లూటో టీవీలో ఇచ్చేశారు. మాటల నాటకాలకూ అన్యాయమే జరుగుతోంది. మ్యూజికల్స్‌కి ఒక్కో పాట వేసి చూపించుకునే వీలుంది, టికెట్లు అమ్మిపెట్టేది ఆ పాటే. మాటల నాటకానికి ఆ భాగ్యం దాదాపు లేదు. నాటకం పేరు మీద జరిగే పండగలో నాటకానికే చోటు ఇరుకైతే నేను ఒప్పుకోలేను.

నీ పనికి సంబంధించిన అసలు కథ ఇప్పుడు చెబుతాను. 2014లో టోనీవాళ్లు సౌండ్ డిజైన్ అవార్డునే ఎత్తేశారు. ఓటు వేసేవాళ్లలో చాలామందికి సౌండు మంచిచెడ్డలు తేల్చడం తెలియదనీ, అది కళ కాదు, సాంకేతిక పని మాత్రమేననీ అప్పుడు మాటలు వినబడ్డాయి. సౌండువాళ్లు ఊరుకోలేదు. వేలమంది చేత సంతకాలు పెట్టించారు. పని మాత్రం ఎవరూ ఆపలేదు. 2018లో అవార్డు తిరిగొచ్చింది, నాటకానికొకటి, మ్యూజికల్‌కొకటి.

సౌండు కూడా కళేనని పోయిన సంక్రాంతికి నీ నాటకం చూసినప్పుడు నాకు తెలిసింది. కొడుకు ఉత్తరం తండ్రి చదివే సీనులో నువ్వు వయొలిన్ ఆపేశావు. ఎక్కడో దూరంగా గూడ్సుబండి చప్పుడు మాత్రం వినిపించింది. నా పక్కనున్నావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ కన్నీళ్లలో సగం నటుడివి, సగం నీవి. ఆవిడకా సంగతి తెలియదు. జడ్జీలకైనా తెలియాలి కదా! ఈసారి స్క్రిప్టుతో పాటు నీ క్యూ షీటు కూడా వాళ్లకు ముందుగా ఇవ్వు. ఎక్కడ ఏ చప్పుడు వస్తుందో, ఎక్కడ ఎందుకు ఆపావో రెండేసి ముక్కలు రాయి. రిహార్సల్‌లో బోర్డు ఎవరికైనా అప్పజెప్పి, చివరి వరసలో కూర్చుని విను. అక్కడికి మాట అందకపోతే సంగీతం తగ్గించు. ఎంత ముచ్చటపడి కట్టిన బాణీ అయినా సరే.

పరిషత్తు కార్యదర్శి గారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయి. సాంకేతిక బహుమతులు ముఖ్య అతిథి వేదిక మీద ఉండగానే, జనం కూర్చుని ఉండగానే ఇమ్మని అడుగు. లైట్లవాళ్లనీ, మేకప్ తాతగారినీ, సెట్టు కట్టే కుర్రాళ్లనీ కలుపుకుని అందరి చేతా సంతకాలు పెట్టించు. నాకూ కాగితం పంపు, సంతకం చేసి పంపుతాను.

మీ
పెద్దమ్మ