అతిథికి తిథి ఉందా?

ఈ నెల మనం చదువుకునే మాట ‘అతిథి’. తెలిసిన మాటే కదా అని పేజీ తిప్పేయకండి ఫ్రెండ్స్. నాకూ తెలుసనే అనుకున్నాను, ఇటలీలో ఒక పెద్దావిడ ఇంట్లో మూడు రాత్రులు ఉండేదాకా.

ముందు అర్థం చూద్దాం. ఫలానా తిథికి వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. అతన్ని ఆదరించేవాడు ఆతిథేయుడు. మనకి ఇద్దరికీ రెండు మాటలున్నాయి. లాటిన్‌లో మాత్రం ‘హోస్పెస్’ అనే ఒకే మాట ఇద్దరికీ సరిపోతుంది. దాన్నుంచి వచ్చిన ఇటాలియన్ మాట ‘ఓస్పితే’కి ఇప్పటికీ రెండర్థాలూ ఉన్నాయి. హాస్పిటల్, హోటల్, మనం ఉంటున్న హాస్టల్, ఈ మూడూ ఆ వేరు నుంచి పుట్టినవే.

ఇప్పుడు మన ఊరి సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. హైదరాబాదు దాటాక నాగపూర్ వైపు ఆయన వెళ్ళింది మన మేడ్చల్ మీదుగానే. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలుగా రాశారు. అవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా అన్నది ఆయన ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. వెంట సుమారు వందమంది పరివారం, డేరాలు. ఎవరింటికీ బరువు కాకుండా, తన ఏర్పాట్లు తను చేసుకుని నడిచిన ప్రయాణం అది.

దీనికి సరిగ్గా ఎదురు మనిషి ‘కన్యాశుల్కం’లో గిరీశం. పూటకూళ్ళమ్మ పంచన ఉంటూ, సంతలో సామాన్లు కొనిపెడతానని ఆవిడ డబ్బు పట్టుకెళ్ళి వేరేచోట ఖర్చుపెట్టేశాడు. అక్కణ్ణుంచి జారుకుని, శిష్యుడి వెనకాలే అగ్నిహోత్రావధాన్లు గారింట్లో దిగాడు. చదువుతూ మనం నవ్వుకుంటాం కానీ, అన్నం పెట్టినవాళ్ళ వైపు నుంచి చూస్తే అది నవ్వే విషయం కాదు.

నేను గిరీశాన్ని కాదనే ధైర్యంతోనే పావియా వెళ్ళాను. మిలాన్‌కి దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలో ఉండే చిన్న ఊరు అది. టిచీనో నది మీద పైకప్పున్న వంతెన, 1361లో పుట్టిన యూనివర్సిటీ. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా పాఠాలు చెప్పింది అక్కడే. ఇంటర్న్‌షిప్ మధ్యలో సెలవులొస్తే కౌచ్‌సర్ఫింగ్‌లో అడిగాను, ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ రమ్మన్నారు. డబ్బు తీసుకోకుండా పరాయివాళ్ళకి ఇంట్లో చోటివ్వడం ఇంటర్నెట్‌తో పుట్టిందేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, మనుషులు ఒకరిళ్ళలో ఒకరు ఉంటే శాంతి పెరుగుతుందన్న నమ్మకంతో 1949లోనే డెన్మార్క్‌లో ‘సర్వస్’ మొదలైంది.

మొదటిరోజు పొద్దున్నే ఆవిడ ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి అడిగారు, “రాత్రికి ఎన్నింటికి వస్తావు?” అని. “మీరేం శ్రమ పడకండి” అన్నాను. మన దగ్గర అది మర్యాదే కదా! ఊరంతా తిరిగి, ఆవిడకి ఇబ్బంది ఎందుకని బయటే పిజ్జా తినేసి, పదిన్నరకి తలుపు తట్టాను. టేబుల్ మీద రెండు పళ్ళాలు ఉన్నాయి. వండిన రిసోట్టో చల్లారి గడ్డకట్టింది. ఆవిడ కూడా తినలేదు. ఒక్క మాట అనలేదు, వేడి చేయడానికి లేచారంతే. ఆకలి లేకపోయినా తిన్నాను. ఆ పూట నిద్ర పట్టలేదు.

నేను అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మొహమాటాన్ని మర్యాద అనుకున్నాను. ‘అతిథికి తిథి లేదు’ అన్న మాట ఇల్లు గలవాళ్ళ మనసు ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పేది. ఎప్పుడైనా రావొచ్చని అతిథికి ఇచ్చిన పాస్ కాదు. పైగా ఆవిడ నాకోసం అప్పటికే ఇంకో పని చేశారు. ఇటలీలో విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే 48 గంటల్లోగా పోలీసులకి రాసి ఇవ్వాలి. నన్ను చూడకముందే నా తరఫున సంతకం పెట్టడానికి ఒప్పుకున్న మనిషికి, నేను ఒక టైం చెప్పలేకపోయాను.

మర్నాడు “ఏడున్నరకి వస్తాను, వంటలో సాయం చేస్తాను” అన్నాను. ఏడుంబావుకే వెళ్ళాను. ఉల్లిపాయలు నేను తరిగాను, మిగతాదంతా ఆవిడే. మూడో రాత్రి నేను పప్పుచారు పెట్టాను. చింతపండు దొరక్క నిమ్మకాయ పిండాను. ఆ పూట ఎవరు ఇంటివాళ్ళో, ఎవరు వచ్చినవాళ్ళో నాకు తెలియలేదు. ‘ఓస్పితే’కి రెండర్థాలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

వచ్చే డిసెంబరులో ఆవిడ మనవరాలు హైదరాబాద్ వస్తోంది. శామీర్‌పేటలో మా ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడైతే ఆ కబురు 24 గంటల్లోనే ఆన్‌లైన్‌లో తెలపాలి, ఆ పని నాది. మా అమ్మ మాత్రం ఇప్పట్నుంచే ఒకటే అడుగుతోంది.

“ఆ పిల్ల అన్నానికి ఎన్నింటికి వస్తుందిరా?”